మున్సిఫ్ పరీక్షకు సర్ సయ్యద్ చదువు

సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ అనగానే మనవాళ్ళకు అలీగఢ్ కాలేజీయే గుర్తొస్తుంది. ఆయన కూడా ఒకప్పుడు నౌకరీ కోసం పరీక్షకు కూర్చున్నారని చెబితే మా క్లాసు పిల్లలు నమ్మరు!

1817లో ఢిల్లీలో పేరున్న ఖాన్‌దాన్‌లో పుట్టారు. 1838లో తండ్రి మీర్ ముత్తకీ గారు గతించారు. ఎర్రకోట నుంచి వచ్చే భత్యాలు చాలావరకు ఆగిపోయాయి. ఇంటివాళ్ళకు ఇష్టం లేకపోయినా కంపెనీ కొలువులో చేరారు. ఢిల్లీ కచేరీలో బంధువు ఒకరి దగ్గర పని నేర్చుకుని, 1839లో ఆగ్రా కమీషనరు ఆఫీసుకు వెళ్ళారు.

మున్సిఫ్ కావాలంటే పరీక్ష ప్యాసు కావాలి. ఆయన ఇంగ్లీషు చదువుకోలేదు, లా కాలేజీ ముఖం చూడలేదు. సివిల్ కోర్టు కానూన్లేమో బోలెడు. అందులో కావలసినవి ఏరి, వరసగా పేర్చి, సొంతానికి ఒక సంగ్రహం రాసుకున్నారు. అన్నగారు సయ్యద్ ముహమ్మద్ ఖాన్‌కూ అదే పాఠం. 1841 డిసెంబరులో సయ్యద్ గారు మైన్‌పురిలో మున్సిఫ్ అయ్యారు.

ఆ నోట్సును పెట్టెలో పెట్టి తాళం వేసుకోలేదు. (అలా వేసుకునేవాళ్ళు మా టీచర్లలోనూ ఉన్నారు లెండి.) 'ఇంతిఖాబుల్ అఖవైన్', అంటే అన్నదమ్ములిద్దరూ ఏరినది అనే పేరుతో పదిమందికీ అందేటట్లు చేశారు. తర్వాత ఆ పరీక్షకు వెళ్ళినవాళ్ళకు అది బాగా పనికొచ్చింది.

1845లో అన్నగారు చనిపోయారు. మరుసటి ఏడు సయ్యద్ గారు తల్లి ఉన్న ఢిల్లీకే బదిలీ అయి వచ్చారు. కోర్టు పని చూసుకుంటూనే, చిన్నప్పుడు వదిలేసిన అరబ్బీ చదువు కోసం మళ్ళీ ఉస్తాదుల ముందు కూర్చున్నారు.