గడప బయట ఏడ్చిన పిల్ల

శనివారం కూలి డబ్బులు చేతికొచ్చే రోజు. స్కాట్లాండ్‌లోని డండీ పట్టణంలో, మిల్లు కార్మికులు ఉండే ఒక వాడలో, ఒక ఇంట్లో మాత్రం ఆ రోజంటేనే వణుకు. తమ్ముళ్లు, చెల్లెళ్లు నిద్రపోయాక తల్లీ, పదకొండేళ్ల కూతురూ దీపం దగ్గర కూర్చుని తండ్రి కోసం ఎదురుచూసేవారు. తాము సరిగా తినకుండా ఆయన కోసం మిగిల్చిన భోజనం అక్కడే ఉండేది. ఆయన తప్పతాగి వచ్చేవాడు. ఆ భోజనాన్ని తీసి మండుతున్న పొయ్యిలో విసిరేసేవాడు. కొన్ని రాత్రులు కూతుర్ని కూడా బయటికి తరిమేసేవాడు. చీకట్లో, చలిలో వీధిలో నిలబడి ఆ పిల్ల వెక్కివెక్కి ఏడ్చేది. తెల్లారితే ఆదివారం. ముఖం కడుక్కుని, ఏమీ జరగనట్టు తల్లితో కలిసి మందిరానికి వెళ్లేది.

ఆ పిల్ల పేరు మేరీ స్లెస్సర్. 1848 డిసెంబరు 2న అబెర్డీన్‌లో పుట్టింది. తండ్రి రాబర్ట్ బూట్లు కుట్టేవాడు. తాగుడు వల్ల ఆ పని పోయింది. 1859లో కుటుంబం డండీకి వలస వచ్చింది. ఊరు మారినా అలవాటు మారలేదు. ఈ సంగతి మన పల్లెల్లో, పేటల్లో ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. తల్లి మిల్లులో చేరింది. పదకొండేళ్ల మేరీ కూడా బాక్స్టర్ బ్రదర్స్ మిల్లులో సగం పూట కార్మికురాలైంది. సగం పూట మరల మధ్య పని, మిగతా సగం పూట మిల్లువాళ్లు నడిపే బడి. మొదటి కూలి తెచ్చి తల్లి చేతిలో పెడితే, ఆమె ఆ డబ్బు చూసి ఏడ్చింది. ఖర్చు పెట్టడానికి మనసొప్పక దాచుకుంది. పద్నాలుగేళ్లకే మేరీ నైపుణ్యమున్న నేతగత్తె. ఉదయం ఆరింటి నుండి సాయంత్రం ఆరింటి దాకా మగ్గం దగ్గరే. డబ్బుకు ఇబ్బంది అయినప్పుడు ఇంట్లోని వస్తువులు మూటగట్టి తాకట్టు కొట్టుకు మోసుకెళ్లేది కూడా ఆమే. ఎవరి కంటా పడకూడదని గబగబా నడిచేది.

ఇంటి గుట్టు బయటపడకుండా కాపాడటం ఆ తల్లీకూతుళ్లకు పెద్ద పనైపోయింది. దెబ్బల కన్నా ఇదే పిల్లల్ని ఎక్కువగా కృంగదీస్తుందని నాకనిపిస్తుంది. పాతికేళ్లకు పైబడిన సంఘ పరిచర్యలో ఇలాంటి ఇళ్లు ఎన్నో చూశాను. నాన్న తాగొచ్చి కొడితే, తప్పు చేసినవాడిలా తలదించుకునేది పిల్లవాడే. తనలోనే ఏదో లోపం ఉంది కాబట్టి తనను ప్రేమించలేదని ఆ పసిమనసు తీర్మానించుకుంటుంది. ప్రభువు నేర్పిన ప్రార్థనలో దేవుణ్ణి తండ్రి అని పిలవమంటే గొంతు పెగలని యౌవనస్థులు మన సంఘాల్లోనే ఉన్నారు. వాళ్లను అవిశ్వాసులని తొందరపడి అనకండి. ఆ మాట వినగానే వాళ్లకు గుర్తొచ్చే ముఖం వేరు.

మేరీకి దొరికిన గొప్ప ఆదరణ తల్లి. దరిద్రంలో, భయంలో కూడా ఆమె పిల్లలకు వాక్యం చెప్పింది, దూరదేశాల మిషనరీల కథలు చెప్పింది. ఆ వాడలోనే ఉండే ఒక వృద్ధ విధవరాలు పిల్లల్ని పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, మంటను చూపించి నరకం గురించి హెచ్చరించేది. మేరీ మొదట ప్రభువు దగ్గరికొచ్చింది ఆ భయంతోనే. కానీ పెద్దయ్యాక తానెవరినీ అలా భయపెట్టి మార్చాలని చూడలేదు. భయం ఎలాంటిదో ఇంట్లోనే చాలినంత చూసింది కదా!

కొన్నేళ్లకు తండ్రి చనిపోయాడు. ఇంట్లో మరో నిరీక్షణ ఉండేది. పెద్ద కొడుకు రాబర్ట్ మిషనరీ అవుతాడని తల్లి ఆశ. అతడు చనిపోయాడు. తర్వాత ఆశ జాన్ మీదికి మళ్లింది. అతనూ జబ్బుపడి, వాతావరణం మారితే బాగవుతుందని న్యూజిలాండ్ వెళ్లి, అక్కడ దిగిన కొద్ది రోజులకే కన్నుమూశాడు. మిల్లులో పనిచేసే కూతుర్ని ఆ స్థానంలో ఎవరూ ఊహించలేదు. ఆమె మాత్రం మగ్గం మీద పుస్తకం నిలబెట్టుకుని నేస్తూనే చదివేది. డండీ మురికివాడల్లో అల్లరి కుర్రాళ్లకు సువార్త చెప్పేది. ఒకసారి ఆ గుంపు నాయకుడు తాడుకు సీసపు గుండు కట్టి గిరగిరా తిప్పుతూ, దాన్ని ఆమె ముఖానికి దగ్గర దగ్గరగా తెచ్చాడు. నుదుటిని రాసుకుంటూ వెళ్లినా ఆమె కదల్లేదు. అతడు గుండు కింద పడేసి, స్నేహితులందర్నీ వెంటబెట్టుకుని కూటానికి వచ్చాడు. చిన్నప్పటి శనివారం రాత్రులే ఆమెకు ఈ నిబ్బరం నేర్పాయని కొందరంటారు. నేనలా అనను. ఆ రాత్రులు నేర్పేది దాక్కోవడమే. దాక్కోకుండా నిలబడటం ఆమె ప్రార్థనలో నేర్చుకుంది.

1873లో డేవిడ్ లివింగ్‌స్టన్ ఆఫ్రికాలో మరణించాడు. ఆ వార్త స్కాట్లాండ్‌ను కదిలించింది. మేరీ తన సంఘపు విదేశీ మిషన్ బోర్డుకు దరఖాస్తు చేసుకుంది. 1876 ఆగస్టు 5న లివర్‌పూల్‌లో ఇథియోపియా అనే ఓడ ఎక్కింది. అప్పటికి ఆమెకు 27 ఏళ్లు. ఓడలోకి ఎక్కిస్తున్న సరుకు చూస్తే పీపాలకు పీపాలు సారాయే. అన్ని పీపాలకు మిషనరీ తానొక్కతేనా అని ఆమె నొచ్చుకుంది. తన బాల్యాన్ని కాల్చిన పదార్థం తనతోపాటే ప్రయాణం చేస్తుంటే ఆమెకు ఎలా ఉండి ఉంటుందో ఆలోచించండి.

ఆ సెప్టెంబరులో కాలబార్ చేరింది. అది నేటి నైజీరియాలో ఉంది. అక్కడ స్కాటిష్ మిషన్ 1846 నుండే పనిచేస్తోంది. ఎఫిక్ భాషను ఆమె స్థానికుల్లా మాట్లాడింది. బూట్లు వదిలేసి అడవి బాటల్లో నడిచింది, వాళ్ల తిండే తింది. ఆ ప్రాంతంలో కవలలు పుడితే శాపమనుకునేవారు. ఇద్దరిలో ఒకరు దురాత్మ సంతానమని నమ్మకం. ఎవరో తెలియదు కనుక ఇద్దర్నీ కుండల్లో కుక్కి అడవిలో పారేసేవారు, తల్లిని ఊరి నుండి వెళ్లగొట్టేవారు. గడప బయటికి తరమబడిన పిల్ల వెళ్లి చేరింది ఇలాంటి చోటికి! మేరీ ఆ పిల్లల్ని ఎత్తుకొచ్చింది. ఒకసారి ఒక కవల ఆడపిల్లనూ, ఆమె తమ్ముణ్ణీ కాపాడింది. బంధువులు మాయమాటలు చెప్పి మగబిడ్డను తీసుకెళ్లి చంపేశారు. మిగిలిన ఆడపిల్లకు మేరీ తన చెల్లెలి పేరు పెట్టుకుంది: జేనీ. 1883లో జబ్బుతో స్వదేశానికి వెళ్తూ ఆ పసిదాన్ని కూడా వెంట తీసుకెళ్లింది.

1886 ఆరంభానికి తల్లి పోయింది, కొద్ది నెలలకే చెల్లెలూ పోయింది. ఉత్తరం రాయడానికి ఇంటివాళ్లంటూ ఎవరూ మిగల్లేదు. లోపలి అడవులకు వెళ్తే ఇక తన కోసం బెంగపెట్టుకునేవారు లేరు గదా అనుకుంది మేరీ. ఆ దుఃఖాన్నే సెలవు చీటీగా మార్చుకుంది. 1888 ఆగస్టులో ఒకోయాంగ్ అనే ప్రాంతానికి బయల్దేరింది. తుపాకులు, సారాయి, పగలు తప్ప మరొకటి తెలియని చోటని ఆ ప్రాంతానికి పేరు. పడవ దిగాక ఎకెంగే గ్రామానికి నాలుగు మైళ్లు అడవిలో నడవాలి. కుండపోత వర్షం, చీకటి, వెంట ఐదుగురు పిల్లలు. చంకలో ఒక పసిబిడ్డ, ముందూ వెనకా ఏడ్చే పిల్లలు. వాళ్ల భయం పోగొట్టడానికి తోచిన పాటలేవో పాడుతూ నడిచింది.

ఆ ఊరి పెద్ద ఎడెమ్. ఆయన కొడుకు ఎటిమ్ ఒక దుంగ మీదపడి చనిపోయాడు. పెద్ద ఇంటి చావు అంటే, ఆ చావుకు కారకులని అనుమానించినవారిని చంపాల్సిందే. అనేకమందిని గొలుసులతో కట్టేశారు. మేరీ ముందు ఆ కుర్రవాడి శవానికి పట్టుబట్టలు కట్టి, గొడుగు పట్టి, అందరూ మెచ్చేలా గౌరవం చేసింది. తర్వాత రాత్రింబవళ్లు బందీల దగ్గరే కూర్చుంది. తాగి ఊగిపోయే మగవాళ్ల మధ్య, కోపం చల్లారేదాకా, రోజుల తరబడి. చివరికి ఒక్క మనిషి ప్రాణం పోలేదు. ఒక ఆవును మాత్రం బలిచ్చారు. తాగినవాడి అడుగుల చప్పుడు వింటూ మేలుకుని కూర్చోవడం ఆమెకు పదకొండో ఏటి నుండే తెలుసు. అప్పుడు తనను కాపాడేవారు లేరు, ఇప్పుడు తానే కాపలా.

ఇదంతా ఆమె ఒక్కతే చేయలేదు. ఎడెమ్ తోబుట్టువు మా ఎమె ఆమెకు ప్రాణస్నేహితురాలు. ఎక్కడైనా ప్రాణహాని జరగబోతుందని తెలిస్తే, మందు నింపి పంపమన్నట్టుగా ఒక ఖాళీ సీసా పంపేది. అదే వాళ్లిద్దరి మధ్య గుర్తు. సీసా చూడగానే మేరీ ప్రయాణానికి సిద్ధమయ్యేది. విచిత్రమేమంటే మా ఎమె చివరిదాకా క్రైస్తవురాలిగా పేరు ఒప్పుకోలేదు. దేవుడు ఎవరి చేత పనిచేయించుకుంటాడో మన సంఘ రిజిస్టర్లు చూసి చెప్పలేం.

1892లో బ్రిటిష్ ప్రభుత్వం ఆమెకు ఒకోయాంగ్‌లో వైస్ కాన్సుల్ బాధ్యత ఇచ్చింది. న్యాయసభలో కూర్చుని తగాదాలు తీర్చేది. నోరు చాలా పదును, కోపమూ ఎక్కువే. మాట వినని పెద్దమనుషులకు చెంపదెబ్బలు కూడా పడ్డాయి. ఆమెను మచ్చలేని పరిశుద్ధురాలిగా చూపించడం నాకిష్టం లేదు. పాత గాయం కూడా పూర్తిగా మానలేదు. ఆయుధాలు పట్టిన గుంపుల మధ్యకు నడిచి వెళ్లే ఈ స్త్రీ, స్కాట్లాండ్ వెళ్తే ఆవు మేస్తున్న పొలం దాటడానికి భయపడేది. వీధి దాటడానికి ఎవరైనా చెయ్యి పట్టుకోవాలి. సభలో మగవాళ్లు కనబడితే నోట మాట రాక, వాళ్లను కంటికి కనబడకుండా కూర్చోమని బతిమాలేది. దేవుడు ఆమెలోని బెరుకును తీసేయలేదు. అదే బెరుకుతో ఆమెను నడిపించాడు. స్వస్థత అంటే గతం తుడిచిపెట్టుకుపోవడమని ప్రసంగించే మేము ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి.

చివరి ఏళ్లలో జ్వరాలు, కీళ్ల నొప్పులు ఆమెను కదలనీయలేదు. 1915 జనవరి 13 తెల్లవారుజామున, యూజ్ అనే ఊళ్లో, మట్టిగోడల ఇంట్లో కన్నుమూసింది. మంచం చుట్టూ ఉన్నది ఆమె పెంచిన ఆడపిల్లలు, ఎవరూ వద్దనుకున్న పిల్లలు. శవాన్ని నది మీద కాలబార్‌కు తెచ్చి సమాధి చేశారు. 1990ల చివర్లో స్కాట్లాండ్‌లోని క్లైడ్స్‌డేల్ బ్యాంక్ తన పది పౌండ్ల నోటు మీద ఆమె బొమ్మ ముద్రించింది. ఒకప్పుడు మూటతో తాకట్టు కొట్టుకు పరుగెత్తిన పిల్ల బొమ్మ!

కానీ ఆ నోటు కన్నా నాకు ఎక్కువగా గుర్తుండిపోయిన సంగతి మరొకటుంది. ఒకోయాంగ్‌లో మేరీ ఇంటికి దగ్గర్లో ఉండే ఒక మనిషి, జేనీ కన్నతండ్రి అని తేలింది. కవలబిడ్డ కనుక అతడు జేనీని చూడటానికే భయపడ్డాడు. దూరం నుండి చూసి పోదామనుకున్నాడు. మేరీ ఊరుకోలేదు. అతని చెయ్యి పట్టుకుని బలవంతంగా ఆ పిల్ల దగ్గరికి లాక్కెళ్లి, ఆమె చుట్టూ చేతులు వేయించింది. మొదట ఆ తండ్రి వణికిపోయాడు. కాసేపటికి మెల్లగా బిడ్డ ముఖంలోకి చూశాడు. ఆ తర్వాత వదిలిపెట్టలేకపోయాడు. అప్పటినుండి కూతుర్ని చూడటానికి తరచూ వచ్చేవాడు, వచ్చినప్పుడల్లా చేతిలో ఏదో ఒక కానుకతో.