మంచు మీద నేర్చిన మలుపు: యార్నో సారినెన్ జీవితం

2023 సెప్టెంబరులో గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌లో తొలి భారత మోటోజీపీ పోటీ జరిగింది. ఇటలీకి చెందిన మార్కో బెజెక్కి విజేతగా నిలిచిన ఆ ఆదివారం, ప్రేక్షకులను ముగ్ధులను చేసినది వేగం కంటే ఎక్కువగా మలుపులే. అరవై డిగ్రీలు దాటి నేలకు ఒరిగిన వాహనం, సీటు మీద నుంచి పూర్తిగా పక్కకు జారిన రేసరు, తారును రాసుకుంటూ పోయే మోకాలు, ఒక్కోసారి మోచేయి. ఇవాళ ఏ కుర్ర రేసరైనా శిక్షణ మొదటి రోజుల్లోనే నేర్చుకునే ఈ భంగిమ యాభై ఏళ్ల కిందట వింతగా కనిపించేది. దానిని ప్రపంచ పోటీలలో గెలుపు బాటగా మార్చిన తొలి వ్యక్తులలో ప్రముఖుడు ఫిన్‌లాండ్ దేశస్థుడు యార్నో సారినెన్. ఆయన ప్రపంచ స్థాయి పోటీలలో ఉన్నది నాలుగేళ్లకు మించదు.

సారినెన్ 1945 డిసెంబరు 11న ఫిన్‌లాండ్ నైరుతి తీరంలోని తుర్కు నగరంలో జన్మించారు. ఆయన కుటుంబానిది అంత్యక్రియల ఏర్పాట్లు చూసే వ్యాపారం. బాల్యం నుంచే మోటారు వాహనాలపై మక్కువ పెరిగింది. సుదీర్ఘమైన చలికాలంలో సరస్సులన్నీ గడ్డకట్టే ఆ దేశంలో మంచు మీద మోటారుసైకిల్ పందాలు సర్వసాధారణం. సారినెన్ తొలి బడి అదే. మంచు మీద చక్రం ఎప్పుడు జారుతుందో ముందుగా పసిగట్టాలి. బండి బరువును, ఒంటి బరువును వేర్వేరుగా కదిలించడం తెలియాలి. భయపడి బిగుసుకుపోయినవాడు పడిపోతాడు. తరువాతి కాలంలో తారు రోడ్డు మీద ఆయన చూపిన ఒడుపుకు మూలం ఈ మంచు పందాలేనని రేసింగ్ చరిత్ర రాసినవారు చెబుతారు.

మరొక బడి ఇంజనీరింగ్ కళాశాల. ఆయన మెకానికల్ ఇంజనీరింగ్ చదివారు. 1970లో సొంత యామహాతో ప్రపంచ పోటీలలో అడుగుపెట్టినప్పుడు వెనుక పెద్ద జట్టు ఏదీ లేదు. భార్య సోయిలీ తోడుగా దేశదేశాలు తిరుగుతూ, ఇంజను తానే విప్పి తానే బిగించుకుంటూ పందెం ఆడేవారు. ఆ ఏడాది చివరి పోటీలను వదిలి చదువు కోసం ఇంటికి వెళ్లినా, 250 సీసీ తరగతిలో నాలుగో స్థానం దక్కింది. ప్రపంచ పట్టిక పైభాగంలో ఉన్న క్రీడాకారుడు చదువు కోసం పోటీలు మానుకోవడం ఆనాడైనా, ఈనాడైనా అరుదే.

ఆయన భంగిమ ప్రాముఖ్యం తెలియాలంటే మలుపులో జరిగేదేమిటో కొంత చూడాలి. రెండు చక్రాల బండి మలుపు తిరిగేటప్పుడు లోపలికి ఒరగక తప్పదు. ఎంత ఒరగాలన్నది వేగం మీద, మలుపు వ్యాసార్ధం మీద ఆధారపడుతుంది. సుమారు 79 మీటర్ల వ్యాసార్ధం గల మలుపును గంటకు 100 కిలోమీటర్ల వేగంతో తిరగాలంటే దాదాపు 45 డిగ్రీలు ఒరగాలి. అదే మలుపులో 60 డిగ్రీల దాకా ఒరగగలిగితే వేగం దాదాపు 132 కిలోమీటర్లకు చేరుతుంది. కానీ అంతటి ఒరుగును భరించే పట్టు టైరుకు ఉండాలి, పాదపీఠాలూ పొగగొట్టాలూ నేలకు తగలకూడదు. ఆనాటి టైర్లు సన్ననివి, గాళ్లున్నవి. నేటి వెడల్పాటి నున్నని టైర్ల పట్టు వాటికి లేదు.

సంప్రదాయ పద్ధతిలో రేసరు బండితో ఏకమై, ట్యాంకు మీద బోర్లా పడుకుని, మోకాళ్లు దగ్గరగా బిగించి దానితో పాటే ఒరిగేవాడు. చూడటానికి సొగసుగా ఉండేది. సారినెన్ ఆ సొగసును వదులుకున్నారు. శరీరాన్ని లోపలి వైపుకు జరిపి, మోకాలిని బయటకు చాచేవారు. నీళ్ల బిందె చంకనెత్తుకున్న మనిషి రెండో వైపుకు ఒరిగి తూకం నిలుపుకోవడం మనకు తెలిసినదే. ఇక్కడ లెక్క అదే, దిశ వేరు. మనిషి బరువు లోపలికి వెళ్లినకొద్దీ బండీ మనిషీ కలిసిన గురుత్వ కేంద్రం లోపలికి జరుగుతుంది. అప్పుడు అదే వేగానికి బండి కాస్త తక్కువ ఒరిగితే సరిపోతుంది. ఆ మిగిలిన ఒరుగును మరికొంత వేగానికి వాడుకోవచ్చు, లేదా మలుపు నుంచి బయటపడుతూ ముందుగానే ఇంజనుకు పని చెప్పవచ్చు. హ్యాండిల్ పిడులను కూడా ఆయన దాదాపు నిట్టనిలువుగా కిందికి వంచి బిగించుకునేవారు. వాటిని చూసి తోటివారు ఆశ్చర్యపోయేవారు.

ఈ పద్ధతిని ముందుగా ఎవరు మొదలుపెట్టారన్న వాదన నేటికీ ఉంది. అంతకుముందే మైక్ హెయిల్‌వుడ్ వంటివారు మోకాలిని కొంత బయట పెట్టేవారు. పేటెంటు తేల్చడం కంటే ప్రభావం చూడటమే న్యాయం. 1972లో కాలిఫోర్నియాలోని ఆంటారియో సర్క్యూట్‌లో సారినెన్‌ను గమనించిన యువకులలో కెన్నీ రాబర్ట్స్ ఒకరు. ఆయన ఆ పద్ధతిని మరింత ముందుకు తీసుకెళ్లి, మోకాలును నేలకు తాకించి, 1978 నుంచి 1980 వరకు వరుసగా మూడుసార్లు 500 సీసీ ప్రపంచ విజేత అయ్యారు. అక్కడి నుంచి అది అందరి సొత్తు అయింది.

1971లో సారినెన్ 350 సీసీ తరగతిలో ఇటలీ దిగ్గజం జాకొమో అగోస్తిని తరువాత రెండో స్థానం పొందారు. 1972 నాటికి అగోస్తినిని ఆయన సొంత తరగతిలోనే ఓడించడం మొదలుపెట్టారు. ఆ ఏడాది 250 సీసీ ప్రపంచ కిరీటం దక్కింది. అది సునాయాసంగా రాలేదు. సారినెన్‌కు 94 పాయింట్లు, రెండో స్థానంలో నిలిచిన ఇటలీ రేసరు రెంజో పజోలినికి 93. ఒక్క పాయింటు తేడా. ఈ రెండు పేర్లను శ్రోతలు గుర్తుంచుకోవాలి.

1973 వసంతం ఆయన జీవితంలో అత్యున్నత ఘట్టం. మార్చిలో అమెరికాలోని డేటోనా 200 మైళ్ల పందెంలో 750 సీసీ యంత్రాల మధ్యకు 350 సీసీ యామహాతో దిగి గెలిచారు. తిన్నని దారిలో పెద్ద ఇంజన్లదే పైచేయి. అయితే అవి తరచూ పెట్రోలు కోసం ఆగాలి, టైర్లను అరగదీసుకోవాలి. చిన్న బండి తేలిక, మలుపులో కోల్పోయే వేగం తక్కువ. మలుపు నైపుణ్యం అశ్వశక్తికి ప్రత్యామ్నాయం కాగలదనడానికి ఇంతకంటే రుజువు అవసరం లేదు. ఏప్రిల్‌లో ఇటలీలోని ఇమోలా 200 మైళ్ల పందెమూ ఆయనదే. ప్రపంచ పోటీలలో 250 సీసీ తొలి మూడు పందాలూ గెలిచారు. యామహా కొత్తగా రూపొందించిన నాలుగు సిలిండర్ల టూ స్ట్రోక్ 500 సీసీ యంత్రంతో ఫ్రాన్స్, ఆస్ట్రియాలలో విజయం సాధించారు. జర్మనీలో గొలుసు తెగడంతో ఆగిపోయారు. ఆ ఏడాది రెండు కిరీటాలూ ఆయనవేనని చాలామంది నమ్మకం.

మే 20న ఇటలీలోని మోంజా. 250 సీసీ పందెం తొలి చుట్టు. కుర్వా గ్రాందే అనే అతి వేగవంతమైన కుడి మలుపులో పజోలిని బండి అదుపు తప్పి పడిపోయింది. వెనుకనే వస్తున్న సారినెన్ తప్పించుకోలేకపోయారు. దారి పక్కనే ఉన్న ఇనుప కంచెలు బండ్లను, మనుషులను తిరిగి దారిలోకే విసిరాయి. వెనుక నుంచి వచ్చినవారితో కలిపి 14 మంది పడిపోయారు. సారినెన్, పజోలిని అక్కడే మరణించారు. సారినెన్ వయసు 27 ఏళ్లు.

కారణంపై దశాబ్దాల పాటు వాదన నడిచింది. అంతకుముందు జరిగిన 350 సీసీ పందెంలో ఒక బండి నుంచి కారిన నూనెను శుభ్రం చేయలేదన్నది ఒక వాదన. పజోలిని ఇంజను పట్టేసి వెనుక చక్రం బిగుసుకుపోయిందన్నది మరొకటి. ఏది నిజమైనా, పడినవాడు ప్రాణాలతో లేచే అవకాశాన్ని ఆ కంచెలే తుంచేశాయన్నది ఈ రచయిత అభిప్రాయం. కార్ల కోసం అమర్చిన ఆ ఇనుప పట్టీలు కారు లోపలి మనిషిని కాపాడవచ్చు. ఒంటి మీద తోలు దుస్తులు తప్ప మరేమీ లేని మోటారుసైకిలిస్టుకు అవి గోడలతో సమానం. ఏడు వారాల తరువాత, జులై 8న, అదే మలుపులో మరో ముగ్గురు ఇటలీ రేసర్లు మరణించారు.

ఒరుగు పెరిగినకొద్దీ జారి పడటం రేసింగ్‌లో మామూలు విషయమైంది. కనుక పడినవారు జారుకుంటూ పోయి ఆగడానికి ఖాళీ స్థలం కావాలి. గ్రేటర్ నోయిడా పోటీకి ముందు జరిగిన చర్చ కూడా ఇదే. ఫార్ములా వన్ కోసం 2011లో ప్రారంభమైన ఆ సర్క్యూట్‌లో కొన్నిచోట్ల గోడలు మరీ దగ్గరగా ఉన్నాయన్న ఆందోళన రేసర్లలో వ్యక్తమైంది. మార్పులు చేసిన తరువాతే అంతర్జాతీయ సమాఖ్య అనుమతి లభించింది.

ఢిల్లీ పరిసరాలకు సారినెన్ కథతో మరో బంధుత్వం ఉంది. ఆయన గెలిచిన యామహా జంట సిలిండర్ల టూ స్ట్రోక్ రేసు బండ్లకు రోడ్డు మీద తిరిగే తోబుట్టువు ఆర్డీ 350. దానినే ఫరీదాబాద్‌లోని ఎస్కార్ట్స్ సంస్థ 1983 నుంచి రాజ్‌దూత్ 350గా తయారుచేసింది. పెట్రోలు ఎక్కువ తాగుతుందన్న పేరుతో అమ్మకాలు అంతంతమాత్రమే అయినా, దాని చప్పుడు విని తల తిప్పని కుర్రవాడు ఆ రోజుల్లో హైదరాబాదులోనూ, విజయవాడలోనూ ఉండేవాడు కాదు.

సారినెన్ మరణం తరువాత యామహా ఆ ఏడాదికి తన జట్టును పోటీల నుంచి ఉపసంహరించుకుంది. ఆయన ఆరంభించిన 500 సీసీ టూ స్ట్రోక్ ప్రయత్నం 1975లో ఫలించింది. ఆ యామహా మీద కిరీటం గెలిచినవారు, ఒకప్పుడు సారినెన్ చేతిలో ఓడిన అగోస్తిని. సారినెన్ సొంత ఊరు తుర్కులోనే సమాధి అయ్యారు. రెండు చక్రాల రోడ్డు రేసింగ్‌లో ఆయన తరువాత మరో ఫిన్‌లాండ్ రేసరు ప్రపంచ విజేత కాలేదు.