తేళ్లను సాకిన ఉపాధ్యాయుడు

జీన్ హెన్రీ ఫాబర్ 1823వ సంవత్సరము డిసెంబరు మాసమున ఫ్రాన్సుదేశపు దక్షిణభాగమున నొక కుగ్రామమునందు పేదకుటుంబమున జన్మించెను. ఉపకారవేతనముతో ఉపాధ్యాయ శిక్షణము పొంది, 1842లో కార్పెంట్రాస్ పట్టణమున బడిపంతులయ్యెను. జీతము మిక్కిలి స్వల్పము. అయినను కీటకములను గూర్చిన యొక గ్రంథమునకై ఆయన ఒక మాసపు జీతమంతయు వెచ్చించెను.

తరువాత అవిన్యాన్ నగరమున చాలకాలము బోధించెను. అచ్చట సర్వజనులకై చెప్పిన ఉచితపాఠములకు వచ్చిన బాలికలకు పువ్వు కాయగా మారు విధమును వివరింపగా, కొందరికి అది అపచారముగ దోచెను. నిందలు పెరిగెను. అద్దెయింటి యజమానులు సైతము ఇల్లు విడువుమనిరి. 1870 ప్రాంతమున ఆయన ఉద్యోగమును, ఊరిని వదలి, భార్యాబిడ్డలతో వెడలిపోయెను. ఆంగ్లతత్త్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ ఆ కష్టసమయమున అప్పిచ్చి ఆదుకొనెను. ఫాబర్ బాలురకు పాఠ్యపుస్తకములు వ్రాసి జీవించుచు ఆ ఋణమును తీర్చెను. 1879లో సెరిన్యాన్ గ్రామమున రాళ్లతో నిండిన బీడునేలను కొనెను. అదియే ఆయన ప్రయోగశాల.

అచ్చట పూలకుండిలో మన్ను పఱచి, కీచురాళ్ల జంటను విడిచి, గాజుపలక మూసి, లేతయాకులు మేపెను. ఒక్కొక్క తల్లి అయిదారువందల గ్రుడ్లను మంటిలో నిలువుగ నాటుట కనుగొనెను. రెండువారముల పిదప తెల్లని పిల్లలు వెలువడి, ఒక దినములోపల నల్లబడెను.

వృద్ధాప్యమున ఆయన తేళ్లను గాజుగదిలో సాకెను. బాగుగ బలిసిన ఆరు కీచురాళ్లను, వాటికొక ఆకును అందులో నుంచెను. తేళ్లు వానిని చీల్చి తినునని యెవ్వరైన తలంపరా? కాని కీచురాళ్లు పాడుచు ఆకు మేయుచుండగా, తేళ్లే వెనుదీసెను! నెలదినములు గడచినను ఒక్కటియు గాయపడలేదు. తేలు చిన్నవియు మెత్తనివియు నగు పురుగులనే కోరుననియు, అక్టోబరు మొదలు ఏప్రిలు వఱకు దాదాపు ఆహారమే ముట్టదనియు ఆయన గ్రహించెను. నిప్పుల నడుమ చిక్కిన తేలు తన్ను తాను కుట్టుకొని చచ్చునను ప్రాతమాటను సైతము ఆయన పరీక్షించెను. చచ్చినట్లు పడియున్న తేలును చల్లని యిసుకపై నుంచగా అది మరల లేచి నడచెను.

ఇట్టి పరిశీలనలు 1879 మొదలు 1907 వఱకు పది సంపుటములుగ వెలువడెను. 1915 అక్టోబరులో, తొంబదియొకటవ యేట, ఆయన సెరిన్యాన్‌లోనే కన్నుమూసెను.

బాలబాలికలారా! ఫాబర్‌కు ధనము లేదు, గొప్ప యంత్రములు లేవు. ఒక కుండి, ఒక గాజుపలక, తఱగని యోర్పు మాత్రమే యుండెను. పదిమంది చెప్పినదైనను, తాను తలంచినదైనను, కన్నులార చూడనిదే ఆయన నమ్మలేదు. మీ పెరటిలో రేయి కూయు కీచురాయి మీకును పాఠము చెప్పగలదు. తేలును మాత్రము చేత ముట్టకుడు.