నీల్‌బాగ్ అయ్యవారు

డేవిడ్ హార్స్‌బరో పేరు మన క్లబ్బులో చాలామంది విని ఉండరు. పిల్లల చదువు గురించి ఆలోచించేవాళ్ళలో మాత్రం ఆయనది పెద్ద పేరు. నాకు ఆయన మీద ఆసక్తి కలగడానికి ఒక కారణం, ఆయన బడి మా గార్లదిన్నె లాంటి నేల మీదే ఉండటం. అనంతపురం, కదిరి, మదనపల్లె దాటి ఇంకొంచెం పోతే కర్ణాటక సరిహద్దు అవతల, కోలారు జిల్లాలో రాయల్పాడు వస్తుంది. రాష్ట్రం మారుతుందేగానీ వానకోసం ఎదురుచూపు మారదు. తెలుగూ వినబడుతూనే ఉంటుంది.

ఆయన ఇంగ్లీషువాడు. రెండో ప్రపంచయుద్ధం నడుస్తుండగా, 1943లో ఇండియా వచ్చాడు. మదనపల్లె దగ్గర రిషీవ్యాలీ స్కూల్లో పాఠాలు చెప్పాడు. తర్వాత ఊటీలో ఒక స్కూలు, బెంగళూరులో ఇంగ్లీషు బోధన సంస్థ, బ్రిటిష్ కౌన్సిల్. ఆక్స్‌ఫర్డ్ ప్రెస్ కోసం చిన్నపిల్లల పుస్తకాలు రాశాడు. అక్కడితో ఆగినా హాయిగా బతికేవాడు. 1972లో భార్య డోరీన్‌తో రాయల్పాడు చేరి నీల్‌బాగ్ అనే బడి పెట్టాడు. చుట్టుపక్కల పల్లె పిల్లలకు, ఫీజు లేకుండా.

ఆ బడిలో వయసుల వారీగా విడగొట్టిన తరగతుల్లేవు. పరీక్షలు లేవు, దెబ్బల్లేవు, ఫస్టు ర్యాంకు బహుమతులూ లేవు. ఇంగ్లీషు, లెక్కలు, తెలుగు, సంస్కృతం ఎంతో, వడ్రంగం, తాపీపని, కుట్టుపని, తోటపని, సంగీతం కూడా అంతే. ఇవి ఖాళీ పీరియడ్‌లో చేయించే పనులు కావు, అసలు చదువులో భాగమే.

మా ఊళ్ళో ఈ మాట చెప్తే ఒక ప్రశ్న వస్తుంది. శెనక్కాయ చేలో పెరికేదీ చేతులతోనే, మట్టి మోసేదీ చేతులతోనే. ఆ బాధ తప్పుతుందనే కదా పిల్లోణ్ణి బడికి పంపేది, అక్కడా తాపీ పట్టిస్తారా అని. ఇది కొట్టిపారేసే ప్రశ్న కాదు. కానీ కూలికి మట్టి మోసే పిల్లవాడికి ఎందుకు, ఎలా అని అడిగే తీరిక ఉండదు. ఆ తీరిక బడిలో దొరకాలి. గోడ మూల తీయాలంటే ఒకవైపు 3 అడుగులు, ఇంకోవైపు 4 అడుగులు గుర్తుపెట్టి, గుర్తుల మధ్య 5 వస్తుందా అని చూస్తారు. మేస్త్రీకి అది పని. పదేళ్ళ పిల్ల చేతికి టేపిచ్చి, 5 రాకపోతే ఏమవుతుందో చూడమంటే అది లెక్క.

మనలో ఎంతమందిమి ఫస్టియర్ వర్క్‌షాపులో ల్యాప్ జాయింట్ చేసేటప్పుడే మొదటిసారి ఉలి పట్టుకున్నాం? నేను చదివిన బడిలో సైన్సు పుస్తకం నిండా కృత్యాలుండేవి. వాటిని గట్టిగా చదివించి, జవాబు రాయించేవారు. నీల్‌బాగ్ పిల్లలు పదేళ్ళకే చేసింది మనం పద్దెనిమిదేళ్ళకు, అదీ మార్కులకోసం మొదలుపెట్టాం.

పిల్లలతోపాటు టీచర్లకూ హార్స్‌బరో అక్కడే శిక్షణ ఇచ్చాడు. పెద్ద లైబ్రరీ పెట్టాడు. పాఠాలకు కావలసినవి బొమ్మలతో, మధ్యమధ్య కాస్త హాస్యంతో తయారుచేసేవాడు. ఆయన దగ్గర నేర్చుకున్న కొందరు వేరేచోట్ల బడులు పెట్టారు. నాకు ఒకటే లోటు కనిపిస్తుంది: అంతా ఆ మనిషి ఓపిక మీద నడిచిన చిన్న బడి. అలాంటిదాన్ని వేల ఊళ్ళకు తీసుకుపోవడం వేరే పని.

1984లో ఆయన పోయాడు. ఆయన పద్ధతులు కొన్ని రిషీవ్యాలీవాళ్ళ పల్లెబడుల్లోకి వెళ్ళాయి. ఎవరి వేగంలో వాళ్ళు నేర్చుకునే కార్డులు, మెట్లు అక్కడ తయారయ్యాయి. అక్కడినుంచి కర్ణాటకలో నలికలి, తమిళనాడులో కృత్యాల బోధన అనే పేర్లతో ప్రభుత్వ బడులకు చేరాయి. కార్డులైతే అంతదూరం పోయాయిగానీ, ఉలీ తాపీ మాత్రం రాయల్పాడు దాటి పెద్దగా కదల్లేదు.