జాన్ ఎవరెట్ క్లౌ

జాన్ ఎవరెట్ క్లౌ (జూలై 16, 1836 - నవంబరు 24, 1910) ఒంగోలు కేంద్రంగా దాదాపు నాలుగు దశాబ్దాల పాటు పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ. 1876-78 నాటి ధాత కరువులో ఆకలితో ఉన్న వేలాది మందికి కాలువ పని ఇప్పించి, వారి నడుమనే ఉండి ఆదుకున్నాడు. ఆ కాలంలో ఎవరికీ బాప్తిస్మం ఇవ్వకపోవడం ఇతని జీవితంలో ముఖ్య ఘట్టం.

బాల్యం, విద్య

క్లౌ అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రంలో ఫ్రూస్‌బర్గ్ సమీపాన జన్మించాడు. యువకుడిగా భూముల సర్వే పనిలో శిక్షణ పొందాడు. ఈ అనుభవం తరువాత కరువు రోజుల్లో అక్కరకు వచ్చింది. అయోవా రాష్ట్రంలో కళాశాల చదువు ముగించి, భార్య హారియెట్‌తో కలిసి 1865లో భారతదేశం చేరాడు. నెల్లూరులో తెలుగు నేర్చుకుని 1866లో ఒంగోలుకు వచ్చాడు.

ఒంగోలులో తొలి రోజులు

1867 జనవరి 1న ఎనిమిది మంది సభ్యులతో ఒంగోలు సంఘం ఏర్పడింది. మొదట్లో అగ్రవర్ణాల పిల్లలు మిషను బడికి వచ్చేవారు. ఎర్రగుంట్ల పేరయ్య మొదలైన మాదిగలు సంఘంలో చేరడంతో పైకులాల వారు తమ పిల్లలను మాన్పించారు. ఇరువర్గాలలో ఎవరినో ఒకరిని ఎంచుకోవలసిన పరిస్థితిలో క్లౌ దంపతులు పేదల పక్షం వహించారు. చర్మకారుడైన పేరయ్య ఊరూరా తిరిగి బోధించాడు. ఒంగోలు ఉద్యమం విస్తరించడానికి ఇటువంటి స్థానిక బోధకుల కృషే ప్రధాన కారణం.

ధాత కరువు

ధాత నామ సంవత్సరంలో మొదలైనందున ఈ కరువుకు ఆ పేరు వచ్చింది. కరువు పనిగా ప్రభుత్వం బకింగ్‌హాం కాలువను తవ్వించింది. అక్కడి మేస్త్రీల చేతిలో మాదిగ కూలీలు ఇబ్బందులు పడ్డారు. అందుచేత క్లౌ సుమారు మూడున్నర మైళ్ళ కాలువ పనిని తానే గుత్తకు తీసుకున్నాడు. తన బోధకులనే మేస్త్రీలుగా నియమించాడు. కూలీలు గుడిసెలు వేసుకుని అక్కడే నివసించారు. పగలు మట్టి తవ్వేవారు, విరామ వేళల్లో బోధకుల మాటలు వినేవారు. కలరా ప్రబలినా పని సాగింది.

అనేకులు బాప్తిస్మం కోరినా క్లౌ అంగీకరించలేదు. కూలి కోసం, తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని ఇతని ఉద్దేశం. 1877 మార్చి నుండి పదిహేను నెలల పాటు ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు.

వెల్లంపల్లి

కాలువ పని ముగిసిన తరువాత, 1878 జూన్‌లో జనం ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ తీరంలోని వెల్లంపల్లికి రాసాగారు. ఇక సహాయమేమీ అందదని క్లౌ ముందుగానే కబురు పంపాడు. అయినా వేలాది మంది వచ్చారు. జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు బోధకులు ఇద్దరు చొప్పున వంతులవారీగా ఈ కార్యం నిర్వహించారు.

ఇంత మందిని ఒక్కసారిగా చేర్చుకోవడంపై విమర్శలు వచ్చాయి. వీరంతా కరువు వల్లనే వచ్చారని కొందరు అన్నారు. కరువులో పొందిన ఆదరణ వారిపై ప్రభావం చూపలేదని చెప్పలేము. అయితే బాప్తిస్మం పొందేనాటికి వారికి ఇచ్చేందుకు పని గాని, ధాన్యం గాని లేవు. పైగా చేరినవారు చచ్చిన పశువుల మాంసం మానాలి, ఆదివారం పని చేయరాదు, విగ్రహాలను పూజించరాదు. ఊరి పెద్దలపై ఆధారపడి బతికే కుటుంబాలకు ఈ నియమాలు కష్టాలు తెచ్చిపెట్టాయి.

చివరి దశ, ప్రభావం

హారియెట్ మరణానంతరం 1894లో క్లౌ ఎమ్మా రౌషెన్‌బుష్‌ను వివాహమాడాడు. ఈమె సామాజిక సువార్త సిద్ధాంతకర్త వాల్టర్ రౌషెన్‌బుష్ సోదరి. క్లౌ జీవితకథ అతని మరణానంతరం 1914లో ఆంగ్లంలో వెలువడింది. ఒంగోలులోని క్లౌ స్మారక ఆసుపత్రికి ఇతని పేరు పెట్టారు.

కృష్ణానదికి ఉత్తరాన, నాటి నిజాం రాజ్యంలోని నల్గొండలో 1890 ప్రాంతంలో అబ్రహం ఫ్రీసెన్ ఇదే బాప్టిస్టు మిషను తరఫున పని ప్రారంభించాడు. ఇరవయ్యో శతాబ్దంలో దేవరకొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో మెన్నొనైట్ బ్రదరెన్ మిషను బడులు, ఆసుపత్రులు నడిపింది.