కిరానా ఖాన్ సాహెబు

గాత్రమున ఆర్ద్రత జన్మతో వచ్చునా, సాధనచే వచ్చునా యను చర్చ మన సంగీతసభలలో నేటికిని తెగలేదు. హృదయము కరగునట్లు పాడినవానిని చూచి అది దైవదత్తమనియో, జీవితమున పడిన కష్టమే పాటయైనదనియో చెప్పి తృప్తిపడుట మనకు అలవాటు. ఈ మాటలో నిజమెంతయో తెలియుటకు అబ్దుల్ కరీం ఖానుగారి జీవితముకంటె మంచి నిదర్శనము మాకు కనబడదు.

వారు 1872 లో, ఢిల్లీకి ఉత్తరమున యమునాసమీపమందలి కైరానా యను ఊర, గాయకుల వంశమున జన్మించిరి. కిరానా సంప్రదాయమునకు ఆ యూరి పేరే పేరైనది. తండ్రి కాలేఖానుగారి యొద్దను, పినతండ్రి యబ్దుల్లాఖానుగారి యొద్దను పాట నేర్చుచు, సారంగిని, బీన్ అనబడు రుద్రవీణను గూడ అభ్యసించిరి. ఈ వాద్యాభ్యాసమును చిన్న విషయముగా చూడరాదు. సారంగిపై కమాను నడచునపుడు నాదము తెగక ఒక స్వరమునుండి వేరొక స్వరమునకు జారును. ఖాన్ సాహెబు గొంతున మనము వినునది ఆ జారుడే.

వారిది గంభీరమైన గాత్రము కాదు. సన్నని గొంతు, పైస్థాయికి పోవునది. దానిని పెద్దది చేయవలెనని వారెన్నడును పెనుగులాడలేదు. ఒకనాడు మన నాటకరంగమున పద్యము చదువు నటులు గొంతు చించుకొని, చప్పట్లు పడువరకు రాగమును సాగదీసెడివారు. ఆ రోగము నేటి కచ్చేరీలలోను పూర్తిగా కుదిరినట్లు లేదు. ఖాన్ సాహెబు మార్గము దీనికి నేరుగా విరుద్ధము. తంబురాలను తృప్తి కలుగువరకు శ్రుతిచేసికొనుటతోనే వారి పాట మొదలగును. పిమ్మట షడ్జమున నిలిచి, విలంబకాలమున ఒక్కొక్క స్వరమును మెల్లగా విప్పుచు పోవుదురు. రిషభమును చేరుటకు తొందర లేదు. చేరిన పిదప దానిని వీడుటకును తొందర లేదు. మాటలు కొలదియే. రాగభావమంతయు స్వరము నిలుకడమీదనే ఆధారపడి యుండును. సాంగ్లీ వాస్తవ్యులైన దేవల్ గారును, క్లెమెంట్స్ అను ఆంగ్లేయోద్యోగియు ఇరువదిరెండు శ్రుతులను కొలువబూనినపుడు ఈ గొంతునే ప్రమాణముగా గైకొనిరి.

బరోడా ఆస్థానమున నుండగా రాజబంధువుల యింటి కన్య తారాబాయిని ప్రేమించి, ఆమెతో ఆ నగరమును విడిచిరి. 1913 లో పూనాలో ఆర్య సంగీత విద్యాలయమును స్థాపించిరి. విద్యను పెట్టెలో పెట్టి తాళము వేయు ఉస్తాదుల కాలమది. వీరు శిష్యులకు దాపరికము లేక చెప్పిరి. వారిలో అగ్రగణ్యుడు కుంద్గోళ్ రాంభావు, అనగా సవాయి గంధర్వ. ఆయన గొంతు స్వభావసిద్ధముగా మధురమైనది కాదు. ఖాన్ సాహెబు ఆయనచే ఏండ్లతరబడి తోడి, ముల్తానీ, పూరియా వంటి కొలది రాగములలోనే సాధన చేయించిరని చెప్పుదురు. ఆ మొరటు గొంతునుండియే మహారాష్ట్ర కర్ణాటకములను ముగ్ధము చేసిన గానము వెలువడినది. భీమసేన్ జోషి ఈయన శిష్యుడే.

ఖాన్ సాహెబు మైసూరునకును, మదరాసునకును పలుమారులు వచ్చిరి. దాక్షిణాత్య సంగీతమును శ్రద్ధతో ఆలకించిన ఉత్తరాది విద్వాంసులు ఆ దినములలో అరుదు. వీరు మన స్వరకల్పన పోకడను గ్రహించి తమ ఖ్యాలులో సర్గమునకు చోటిచ్చిరి. త్యాగరాజస్వామివారి ఖరహరప్రియ కృతి నొకదానిని పాడి గ్రామఫోను రికార్డుగా ఇచ్చిరి. ఉచ్చారణ మనది కాదు. తెలుగు చెవికి కొన్ని యక్షరములు గ్రుచ్చుకొనును. అయినను ఆ రికార్డును మేము గౌరవముతో వినుచుందుము. ఉత్తరదేశపు ముస్లిము గాయకుడు తెలుగు మాటలలోని భక్తిని స్వరముద్వారా వెదకిన తీరు అందున్నది. తెలుగు తెలిసియు పదములను విరిచి, నమలి, మ్రింగివేయు మన గాయకులు దానిని ఒక్కమారు వినుట మంచిది.

1922 లో తారాబాయి బిడ్డలతో వారిని విడిచి వేరు నివసించెను. హీరాబాయి బరోడేకర్, సురేశబాబు మానే ఆ బిడ్డలలోనివారే. అటుపిమ్మట ఖాన్ సాహెబు పాటలో విషాదమును, ధ్యానమును హెచ్చెనందురు. మేమును దానిని కాదనము. కాని వియోగము పొందిన గాయకులు ప్రతి జిల్లాలోను ఉన్నారు. వారి గాంధారమును విని జనులు కన్నీరు పెట్టుటలేదు. ఖాన్ సాహెబునకు అప్పటికి ఏబది యేండ్లు. బాల్యమునుండి శ్రుతిని సేవించిన గొంతది. ఎంతటి బరువు పడినను స్వరము చెదరక నిలువగల శక్తి ముందే సిద్ధమై యుండుటచేతనే ఆ బాధ అందు ప్రవేశింపగలిగినది. శిక్ష లేనిచో అది వట్టి రోదన మగును. 1930 దశాబ్దమున వారిచ్చిన ఝింఝోటి ఠుమ్రీ రికార్డు మూడు నిమిషములది. ఒక్క స్వరముపై అంతకంటె నెక్కువసేపు నిలుచు గాయకుడు అంత యిరుకులోను త్వరపడలేదు, ఎక్కడను ఏడ్వలేదు. ఏడ్చుట వినువారి వంతైనది.

మిరజ్ వారి చివరి నివాసము. తంబురాలు చేయు పనివారికి ప్రసిద్ధిగన్న ఆ పట్టణమున, మీరాసాహెబు దర్గాలో ఏటేట పాడుట వారి నియమము. 1937 అక్టోబరులో మదరాసునుండి పుదుచ్చేరికి రైలులో పోవుచుండగా వారికి అస్వస్థత కలిగెను. 27 వ తేదీ రాత్రి సింగపెరుమాళ్ కోయిల్ అను చిన్న స్టేషనులో దిగి, తంబురా శ్రుతిచేయించుకొని, దైవప్రార్థన పాడుచు ప్రాణము విడిచిరి. దేహమును మిరజునకు గొనిపోయి ఆ దర్గా ఆవరణముననే ఖననము చేసిరి. ఉరుసు దినములలో విద్వాంసులు నేటికిని అచటికి వచ్చి పాడుచుందురు.