అక్షరాల వెంట మాటకు దారి వేసిన బ్రౌన్ దొర

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798 నవంబర్ 10న కలకత్తాలో జన్మించారు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యులు. 1812లో ఆయన చనిపోవడంతో కుటుంబం ఇంగ్లండు చేరింది. బ్రౌన్ అక్కడ హేలీబరీ కళాశాలలో కంపెనీ ఉద్యోగానికి కావలసిన చదువు చదివి, 1817 ఆగస్టులో మద్రాసులో ఓడ దిగారు. అప్పటికి ఆయనకు తెలుగు రాదు. ఉద్యోగంలో నిలబడాలంటే ఇక్కడి భాషలో పరీక్ష నెగ్గాలి కాబట్టి నేర్చుకున్నారు. అంటే ప్రేమ కొద్దీ కాదు, అవసరం కొద్దీ మొదలుపెట్టారు. మనం ఇంగ్లీషు మొదలుపెట్టినట్టే!

1820లో కడపలో ఉద్యోగంలో చేరారు. మరుసటి ఏడే అక్కడ తన సొంత డబ్బుతో ఉచిత పాఠశాలలు పెట్టించారు. తరువాత బదిలీ మీద మచిలీపట్నం వచ్చారు. 2022లో జిల్లాలు మారేదాకా మన రెడ్డిగూడెం వాళ్ళకు జిల్లా కేంద్రం ఆ బందరే. అక్కడ ఉన్న రోజుల్లోనే ఆయన దృష్టి వేమన పద్యాల మీద పడింది. తాళపత్రాలు తెప్పించి, ఒక ప్రతితో ఇంకొకటి సరిచూసి, 1829లో ఇంగ్లీషు అనువాదంతో సహా అచ్చు వేయించారు. 1839లో మరిన్ని పద్యాలతో మళ్ళీ వేయించారు.

1832-33లో గుంటూరు సీమను పెద్ద కరువు పట్టింది. కంపెనీ పై అధికారులు దాన్ని కొరత అని మెత్తగా రాయాలనుకుంటే, బ్రౌన్ మాత్రం కరువు అనే మాటనే వాడారు. ఏ మాటకు ఏ అర్థమో తెలిసినవాడు కాబట్టే అలా రాశాడని మాకు అనిపిస్తుంది. నిఘంటువు కంటే ముందు చెప్పుకోవలసిన సంగతి ఇది.

ఇక నిఘంటువు. పూర్వం మన పిల్లలు అమరకోశం వల్లె వేసేవారు. అందులో మాటలు అకారాది క్రమంలో ఉండవు. స్వర్గం, భూమి, జలం అంటూ విషయాల వారీగా శ్లోకాల్లో ఉంటాయి. కంఠస్థం వచ్చినవాడికి అది నిధి. రానివాడు అందులో ఒక్క మాటను వెదకాలంటే మాత్రం గురువు పక్కన ఉండాల్సిందే. గురువు దగ్గర కూర్చునే అవకాశం ఆ రోజుల్లో ఎవరికి ఉండేదో, ఎవరికి ఉండేది కాదో ఈ సంచిక చదివేవారికి మేము విడమర్చి చెప్పనక్కరలేదు. అకారాది క్రమం ఆ అడ్డు తీసేసింది. మొదటి అక్షరం, దాని వెంట రెండో అక్షరం, ఆ వెంట మూడోది. అక్షరాలు వచ్చినవాడు ఎవరినీ అడగకుండా మాట దగ్గరికి వెళ్ళిపోవచ్చు. తెలుగులో ఈ పని బ్రౌన్ కంటే ముందే బందరు వర్తకుడు మామిడి వెంకయ్య గారు ఆంధ్రదీపికతో చేశారు. కాంప్‌బెల్ దొర నిఘంటువు కూడా ముందే వచ్చింది. ఆ ఘనత అంతా బ్రౌన్‌కే కట్టబెట్టడం న్యాయం కాదు. బ్రౌన్ చేసిందల్లా దాన్ని విస్తరించడం. కావ్యాల్లోని మాటల పక్కనే జనం నోట వినబడే మాటలను కూర్చోబెట్టారు.

ఈ పనికి పండితులకు జీతాలిచ్చి పెట్టుకున్నారు. జూలూరి అప్పయ్య వంటి వారు కావ్యాల ప్రతులు సరిచూసేవారు. ఖర్చులకు జీతం చాలక అప్పులు చేశారు. 1834లో ఉద్యోగం పోయి లండన్ వెళ్ళినా ఖాళీగా లేరు. ఇండియా హౌస్ లైబ్రరీలో మూలబడి ఉన్న దక్షిణాది రాతప్రతులను వెలికితీశారు. 1838లో మళ్ళీ మద్రాసు వచ్చారు. 1852 నుండి 1854 లోపు తెలుగు-ఇంగ్లీషు, ఇంగ్లీషు-తెలుగు, మిశ్రభాషా నిఘంటువులు వెలువడ్డాయి. అంటే మొదటి తెలుగు అక్షరం దిద్దిన ముప్పై అయిదేళ్ళకు!

హాస్టళ్ళలో బోర్డు మీద నాలుగు ఇంగ్లీషు అక్షరాలు రాసి, వాటితో ఎన్ని మాటలు వస్తాయో చెప్పమనే ఆట తెలియనివారు ఉండరు. ఈ, ఏ, టీ ఇస్తే తిను అనే అర్థంలో ఈట్ వస్తుంది. అవే అక్షరాలు అటూ ఇటూ మారిస్తే తాగే టీ, ఇంకో రకంగా పేరిస్తే తిన్నాడు అనే ఏట్. తగవు తీర్చేది డిక్షనరీయే. ఇంగ్లీషులో ఒక చిక్కు కూడా ఉంది. తెలుసుకొను అనే అర్థంలోని నో కోసం ఎన్ దగ్గర వెదికితే దొరకదు, పలకని కె దగ్గర ఉంటుంది. తెలుగు నేర్చేవాడికి ఈ బాధ తక్కువ, కానీ సంధి ఉంది. పద్యంలో కలిసిపోయిన మాటను విడదీయందే నిఘంటువులో ఏ అక్షరం కింద చూడాలో తెలియదు. బ్రౌన్‌కు పండితుల అవసరం అక్కడే ఎక్కువగా పడి ఉంటుందని మా ఊహ.

1855లో ఆరోగ్యం చెడి ఉద్యోగం వదిలి ఇంగ్లండు వెళ్ళిపోయారు. లండన్ విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యులుగా పనిచేశారు. పెళ్ళి చేసుకోలేదు. 1884 డిసెంబర్ 12న లండన్‌లో కన్నుమూశారు. ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును సవరించి 1903లో మళ్ళీ అచ్చు వేసినప్పుడు, ఆ సవరణలో కందుకూరి వీరేశలింగం గారి చెయ్యి కూడా ఉంది. కడపలో ఆయన నివసించిన చోట జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారి పట్టుదల వల్ల బ్రౌన్ పేరుతో గ్రంథాలయం లేచింది. ఆ నిఘంటువును చికాగో విశ్వవిద్యాలయం వారు అంతర్జాలంలో ఉచితంగా పెట్టారు. సెల్‌ఫోన్‌లో కూడా తెరుచుకుంటుంది.